పటిక దారిలో కారు: గోడో ఇంజిన్‌తో ఒక నమూనా ఆట

శ్రీకాళహస్తి కలంకారీలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది పటిక పని. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి నానబెట్టి ఆరవేసిన గుడ్డ మీద, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో గీస్తే, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. పటిక నీళ్లు పూసిన చోటు మాత్రం అప్పటికి దాదాపు కనిపించదు. మంజిష్ఠ వంటి ఎర్రరంగు వేళ్లతో గుడ్డను ఉడికించినప్పుడే, పటిక తగిలినంత మేర ఎరుపు నిలుస్తుంది. చిత్రకారుడు కంటికి ఆనని దాన్ని గుర్తుపెట్టుకుంటూ పూస్తాడన్న మాట. ఆ గుర్తునే ఆటగా మార్చాలనుకున్నాను: కారు గుడ్డ మీద తిరుగుతూ పటిక పూస్తుంది, ఎక్కడ పూశామో చివర్న ఉడికించాకే తెలుస్తుంది.

ఇందుకు ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ (గేమ్ ఇంజిన్) అయిన గోడో 4ను ఎంచుకున్నాను. ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతుంది, చేసిన ఆటపై ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేదు, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారికి దాని సొంత భాష జీడీస్క్రిప్ట్ త్వరగా పట్టుబడుతుంది. నాకు అసలు మేలు చేసింది సబ్‌వ్యూపోర్ట్, అంటే ఆటలో విడిగా బొమ్మ గీసుకునే ఒక తెర. ప్రతి ఫ్రేముకూ (తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ) పాతదాన్ని తుడిచేసే అలవాటును అందులో ఒక్క సెట్టింగుతో ఆపేస్తే, కారు వెంట కదిలే చిన్న మచ్చ చెరగని గీతగా మిగిలిపోతుంది. నలుపుకు ఒకటి, పటికకు ఒకటి చొప్పున రెండు పొరలు పెట్టి, ఉడికే ఘట్టంలో పటిక పొరను ఎరుపుగా మార్చే పనిని చిన్న షేడర్‌కు (తెర మీది రంగులను లెక్కకట్టే చిన్న ప్రోగ్రాముకు) అప్పగించాను. మొదటి రోజు కారు వేగం పెరిగితే గీత చుక్కలుగా విడిపోయింది, తప్పు నాదే. వెనకటి స్థానం నుంచి ఇప్పటి స్థానం దాకా గీత గీయించగానే సరిపోయింది. కలంకారీ చిత్రకారుడి కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది కనుక, బ్రేకు నొక్కితే గీత లావయ్యేలా పెట్టాను. ఆటకు ప్రాణం అక్కడే వచ్చింది.

కారు కదలిక సంగతికి వస్తే, గోడోలో వాహనాల కోసం ఉన్న వెహికల్‌బాడీ3డీ అనే భాగం వాస్తవికమైన వాహన భౌతికశాస్త్రం కోసం చేసింది కాదని దాని సహాయపత్రాలే చెబుతున్నాయి. పైనుంచి చూసే ఆటకు అది అవసరం కూడా లేదు. పాత్రలను కదిలించే క్యారెక్టర్‌బాడీ2డీ అనే భాగానికి కాస్త జారుడు కలిపితే చాలు. నిజమైన రేసు ఆట చేయదలచినవారు మాత్రం చక్రాల లెక్కలు సొంతంగా రాసుకోవలసి ఉంటుంది.

తెలుగువారికి మరో ముఖ్యమైన మాట. 4వ వెర్షన్ నుంచి గోడో హార్ఫ్‌బజ్ అనే, లిపి అక్షరాలను సరిగ్గా అమర్చే సాఫ్ట్‌వేర్ సాయంతో అక్షరాలను కూర్చుతోంది. గుడ్డ ఉతికే ఘట్టానికి పెట్టిన ‘స్వర్ణముఖి’ అన్న నది పేరు, నోటో ఫాంటులో వత్తులు చెదరకుండా వచ్చింది. మునుపటి 3వ వెర్షన్‌లో ఈ సదుపాయం లేదు, కాబట్టి తెలుగులో ఆట చేసేవారు పాత వెర్షన్ జోలికి పోవద్దు.

రెండు వారాంతాల్లో ఆడదగిన నమూనా తయారైంది. మా మేనల్లుడు గుడ్డ మీది నెమలి బొమ్మ మెడ చుట్టూ కారు తిప్పి, గుడ్డ ఉడికి ఎరుపు తేలాక, మెడ దగ్గర మిగిలిన తెల్లటి సందు మీద వేలు పెట్టి, “మామయ్యా, ఇక్కడ కూడా వెళ్లాను కదా!” అన్నాడు. వెంటనే మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి ఆ మలుపులో బ్రేకు మీద వేలు తీయకుండా.