లినక్స్‌లో తెలుగు ఫాంట్లు: ఆరేళ్లు వాడాక నా మాట

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె బడిలో మేస్టర్ని. 2019లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్‌లో ఒక రకం) వేసుకున్న దగ్గర్నుంచి పిల్లల వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాలు, తల్లిదండ్రుల మీటింగ్ నోటీసులు అన్నీ లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాంలోనే చేస్తున్నాను. ఫాంట్లకి ఒక్క రూపాయి పెట్టలేదు, దొంగ కాపీలూ వాడలేదు. లినక్స్‌లో తెలుగు సరిగ్గా రాదని ఇప్పటికీ కొంతమంది అంటుంటే వింటున్నాను, అందుకే ఇది రాస్తున్నాను. వస్తుంది, చాలా బాగా వస్తుంది. కాకపోతే ఏ పనికి ఏ ఫాంటో తెలియాలి, అది తెలుసుకోవడానికి నాకు చాలా కాగితం ఖర్చయింది.

ముందు ఒక రోజు సంగతి చెప్పాలి. మూడో తరగతి వాళ్లకి చిన్న కథ టైప్ చేసి, పైన 'కథ చదువుదాం' అని మండలి ఫాంటులో పెట్టి బోల్డ్ నొక్కాను. స్క్రీన్ మీద బాగానే కనిపించింది. జిరాక్స్ తీయించి పంచితే ముందు వరసలో కూర్చున్న గుంటడు "ఇదేటి మేస్టారూ, కధ అని రాసీసారు" అన్నాడు. కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే వాడన్నది నిజమే, థ పొట్టలో ఉండాల్సిన చుక్క పక్క గీతలో కలిసిపోయి నల్లగా అలికినట్టుంది.

తప్పు ఫాంటుది కాదు, నాది. మండలికి ఒకటే మందం, దానికి బోల్డ్ రూపం లేదు. లేనిదాన్ని అడిగితే లిబ్రేఆఫీస్ ఉన్న గీతనే లావు చేసి చూపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకి అది ఎలాగో సరిపోతుంది గానీ మన అక్షరాలకి సంగతంతా లోపలి ఖాళీలోనే ఉంటుంది. ద, ధ, థ మధ్య తేడా ఎంత? ఒక చుక్క, ఒక చిన్న గీత. ర కీ ఠ కీ మధ్య ఒక్క చుక్క. అక్షరాలు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లాడికి ఆ చుక్క పోతే పదమే పోతుంది. అప్పట్నుంచి ఏ ఫాంటు దొరికినా ముందు 'కథ, ధనం, పాఠం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి' అని 12 పాయింట్లలో ఒక వరస కొట్టి, ప్రింట్ తీసి, ఆ ప్రింట్‌ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ని చూస్తాను. అందులో నిలబడితేనే బడికి తీసుకెళ్తాను.

ఆ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నది నోటో సాన్స్ తెలుగు. దీనికి నిజమైన బోల్డ్ ఉంది, ఆ మాటకొస్తే సన్నం నుంచి బాగా లావు దాకా 9 మందాలున్నాయి, బోల్డ్‌లో కూడా చుక్కకి చోటు వదిలారు. వత్తులు కూడా స్పష్టంగా ఉంటాయి, రాష్ట్రంలో ట, ర రెండూ దేనికది తెలుస్తాయి. స్క్రీన్ మీద చదవడానికి నాకు దీన్ని మించింది దొరకలేదు. ఒక్క చిక్కేంటంటే వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి చోటు కావాలి. లిబ్రేఆఫీస్‌లో గళ్ల పట్టికలు చేసే కాల్క్‌లో హాజరు పట్టీ చేసినప్పుడు వరస ఎత్తు నేనే కుదించి పెట్టేశాను, సగం మంది పేర్లకి కింద వత్తులు తెగిపోయాయి. వరస ఎత్తుని ఆప్టిమల్‌కి (అక్షరాలకి తగినంత) మార్చాక అన్నీ సరిగ్గా కనిపించాయి.

అయినా పేజీ నిండా కథ అచ్చు వేయాలంటే నా ఓటు మండలికే, బోల్డ్ జోలికి పోకుండా. గీత అంతా ఒకే మందంలో నిండుగా ఉంటుంది, జిరాక్స్‌లో సన్న గీతలు ఎగిరిపోయే భయం లేదు. శీర్షికకి మాత్రం రామభద్ర పెడతాను, అది పుట్టుకతోనే లావు. ఇవి అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చిన ఫాంట్లు, పురుషోత్ కుమార్ గుత్తుల గారు గీసినవి. గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉన్నాయి, ఉబుంటులోనైతే 'ఫాంట్స్-తెలుగువిజయం' (fonts-teluguvijayam) అనే ప్యాకేజీ వేస్తే ఒకేసారి దిగిపోతాయి. ఆ లైసెన్సు గురించి టెన్షన్ అక్కర్లేదు: అచ్చు వేసుకోవచ్చు, పీడీఎఫ్‌లో పెట్టుకోవచ్చు, పుస్తకం చేసి అమ్ముకోవచ్చు, పక్క బడి మేస్టారికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చు. ఫాంటు ఒక్కదాన్నే అమ్మకూడదు, అంతే.

ఆ వరసలోనే గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు ఫాంట్ల మెనూలో కనిపించిన రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న బడిలో కట్టే బ్యానర్‌కి ప్రతి ఏడూ అదే వాడతాను. పేరు మీద ప్రేమ కొద్దీ పాఠానికి వాడకండి, అది శీర్షికలకి గీసింది, మిగతా ఫాంట్ల పక్కన అదే సైజులో పెడితే చిన్నగా కనిపిస్తుంది, పెద్దది చేసుకోవాలి.

లోహిత్ అనే ఫాంటు నా ఉబుంటుతో పాటే వచ్చింది, పనికి లోటు చేయదు, కానీ మనసు పట్టలేదు. దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లంటే మాత్రం గౌరవం. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే పద్ధతి) తెలుగుకి ఫాంట్లే కరువుగా ఉన్న రోజుల్లో ఆదుకున్నవి అవే. మా నాన్నగారికి ఇప్పటికీ పోతనలో ఉంటేనే పుస్తకం చదివినట్టు ఉంటుందట. జిరాక్స్‌లో దాని సన్న గీతలు పలచబడతాయి, అందుకని ఇంట్లోనే ఉంచాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దెబ్బతినే చోటు ఇంకొకటుంది. లిబ్రేఆఫీస్ స్టైల్స్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకి వేరే ఫాంటు ఉంటాయి, సైజులు కూడా వేరే. మొదటిదాన్ని ఎన్నిసార్లు మార్చినా తెలుగు కదలదు. ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి (మన లాంటి లిపులకి వాడే పేరు) తెలుగు ఎంచుకుని, స్టైల్‌లో ఆ రెండో గడిలో ఫాంటు పెట్టండి. నాకిది ఎవరూ చెప్పక ఒక వేసవి సెలవంతా పేరా పేరాకీ చేత్తో మార్చుకుంటూ కూర్చున్నాను.

ప్రింట్‌కి బయట షాపుకి వెళ్లేటప్పుడు ఫైలు కాదు, పీడీఎఫ్ తీసుకెళ్లండి. ఫాంటు అందులోనే కూర్చుని వస్తుంది. అక్కడి కంప్యూటర్‌లో మండలి లేక నా ప్రశ్నపత్రం నాలుగు పేజీల నుంచి ఆరు పేజీలైంది, పరీక్ష తెల్లారితే ఉంది, ఆ రాత్రి మళ్లీ ఇంటికొచ్చి పీడీఎఫ్ చేసుకుని వెళ్లాల్సి వచ్చింది.