సీన్ వినిపించిన పాటలు: పదిహేడేళ్ల అనుభవం

కొత్త పాటలు వెతుక్కోవడానికి నేను చాలా దారులు పట్టాను. ఎఫ్ఎం రేడియో, ఫ్రెండ్స్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లు, ఇప్పుడైతే యాప్‌లు పొద్దున్నే తయారుచేసి పెట్టే ప్లేలిస్టులు. వీటిలో ఏదీ రెండు మూడేళ్లకు మించి నాతో నిలవలేదు. 2008 నుంచి ఇప్పటిదాకా వదలనిది ఒక్కటే, అమెరికన్ టీవీ డ్రామాలు. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా సొంతంగా పాడుకునే ఇండీ కళాకారుల్లో నాకు ఇష్టమైనవాళ్లు ఎక్కువమంది అక్కడే పరిచయమయ్యారు. ఇన్నేళ్లు వాడాక దాని మంచీ చెడూ రాయాలనిపించింది.

మొదలైంది బెంగళూరులో ఒక పీజీలో. ఉద్యోగంలో చేరిన కొత్త. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో 'స్క్రబ్స్' చూస్తున్నాం. ఆస్పత్రి కామెడీ కదా అని నవ్వుకుంటూ కూర్చున్నాం. మూడో సీజన్‌లో ఒక ఎపిసోడ్ చివర డాక్టర్ కాక్స్ తన కొడుకు పుట్టినరోజు పార్టీకి వచ్చాననుకుని మాట్లాడుతుంటాడు. కాసేపటికి మనకు తెలుస్తుంది, అతను వచ్చింది ప్రాణ స్నేహితుడి అంత్యక్రియలకని. సరిగ్గా అక్కడ ఒక గిటారు, గుసగుసలాడుతున్నట్టు ఒక గొంతు. ఎపిసోడ్ అయిపోయాక ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ పాట ఎవరిదో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెవికి అందిన ఒక్క లైను పట్టుకుని వెతికాను, అందులోనూ ఒక మాట తప్పుగా విన్నాను. చివరికి దొరికింది. పాట పేరు 'వింటర్', పాడింది జాషువా రాడిన్. ఆ ఎపిసోడ్ 2004లో వచ్చేనాటికి అతనికి పూర్తి ఆల్బమ్ ఒక్కటి కూడా లేదు. షోలో హీరో జాక్ బ్రాఫ్ అతని కాలేజీ స్నేహితుడు. పాట నచ్చి, షో సృష్టికర్త బిల్ లారెన్స్‌కు వినిపించాడు. అలా ముక్కూ మొహం తెలియని ఒక గాయకుడి పాట అన్ని ఇళ్లలోకీ వెళ్లింది.

అంతకుముందు నేను ఇంగ్లిష్ పాటలు విననివాణ్ణి కాదు. విన్నా మనసుకు పట్టేవి కావు. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. మనకు పాటంటే సినిమా పాట. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ కడతాడు, కవి ఆ సందర్భంలో నిలబడి మాట రాస్తాడు. ఎవరు పాడుతున్నారు, ఎవరి కోసం, ఏం పోగొట్టుకుని పాడుతున్నారు, ఇవన్నీ తెలిసే మనం పాట వింటాం. అలా పెరిగిన చెవికి, ఏ కథా లేకుండా గాల్లో వచ్చే పాట ఎక్కడా ఆనదు. టీవీ డ్రామా నాకు ఆ సందర్భాన్ని ఇచ్చింది. తేడా ఏంటంటే ఇక్కడ పాట ముందే ఎక్కడో పుట్టి ఉంటుంది, సందర్భం తర్వాత వచ్చి దాన్ని వెతుక్కుంటుంది. ఆ వెతికే మనిషిని మ్యూజిక్ సూపర్‌వైజర్ అంటారు.

ఆ పేరు క్రెడిట్స్‌లో చదవడం అలవాటయ్యాక నా వినికిడే మారిపోయింది. 2003 నుంచి 2007 దాకా వచ్చిన కుర్రకారు డ్రామా 'ది ఓ.సి.'కి పాటలు ఎంచినది అలెగ్జాండ్రా పట్సావాస్ అనే సూపర్‌వైజర్. ఆస్పత్రి డ్రామా 'గ్రేస్ అనాటమీ' మొదటి సీజన్లకూ ఆమే. అందులో ఎపిసోడ్‌ల పేర్లే పాటల పేర్లు. 'ది ఓ.సి.'లో సెత్ అనే కుర్రాడు డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ అనే బ్యాండ్ అంటే ప్రాణం పెడతాడు. రెండో సీజన్‌లో కథ కోసం ఒక క్లబ్బే కట్టి అక్కడ అసలు బ్యాండ్‌లతోనే వాయించారు. హీరో ఇష్టపడే బ్యాండ్ గనక నేనూ విన్నాను, అంతే. కానీ హీరో మీద ఇష్టం పోయాక కూడా ఆ బ్యాండ్ మీద ఇష్టం పోలేదు.

ఇండీ పాటలే ఎందుకు ఎక్కువ వాడతారన్నదానికి డబ్బు కూడా ఒక కారణం. ఒక పాటను సీన్‌లో పెట్టాలంటే రెండు అనుమతులు కావాలి, పాట రాసినవాళ్ల వైపు నుంచి ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్ల నుంచి ఒకటి. పెద్ద స్టార్ పాటైతే ఈ రెండూ తరచూ వేరువేరు కంపెనీల దగ్గర ఉంటాయి, ధర ఎక్కువ, జవాబు ఆలస్యం. సొంతంగా రాసి సొంతంగా రికార్డు చేసుకున్న బ్యాండ్ దగ్గర రెండూ ఒకేచోట దొరకొచ్చు. వారం వారం ఎపిసోడ్ తీసేవాళ్లకు అది ఎంతో సులువు. బ్యాండ్‌కు వచ్చే డబ్బు కూడా చిన్నదేమీ కాదు. ఇమోజెన్ హీప్ అనే గాయని తన ఇంటిని తాకట్టు పెట్టి 2005లో ఆల్బమ్ చేసుకుంది. అందులోని 'హైడ్ అండ్ సీక్' అదే ఏడాది 'ది ఓ.సి.' రెండో సీజన్ ఆఖరి సీన్‌లో వచ్చింది. వాయిద్యాల్లేవు, ఒకే గొంతు యంత్రంలోంచి వెళ్లి పది గొంతులుగా విడిపోతుంది. 2011లో మన దేశంలోనే తీసిన 'ది దేవరిస్ట్స్' అనే మ్యూజిక్ షో మొదటి ఎపిసోడ్‌లో ఆమె విశాల్-శేఖర్‌తో కలిసి రాజస్థాన్‌లో పాట చేస్తుంటే, బాగా తెలిసిన మనిషిని ఊళ్లో చూసినట్టయింది నాకు.

ఇక లోపాలు. ఇవి చిన్నవి కావు.

మొదటిది, రుచి ఒకవైపు ఒరిగిపోతుంది. మూడేళ్లయ్యేసరికి నా ఫోన్ నిండా ఒకే రకం పాటలు: మెత్తటి మగ గొంతు, ఒక అకూస్టిక్ గిటారు, ఎవరో పోయారన్న దిగులు. ఆస్పత్రి డ్రామాలు ఎక్కువ చూస్తే జరిగేది ఇదే. 2009లో క్రైమ్ డ్రామా 'బ్రేకింగ్ బ్యాడ్' రెండో సీజన్‌లో హీరో వాల్టర్ ఇద్దరు కుర్రాళ్లను పార్కింగ్ స్థలంలో బెదిరించే సీన్ ఒకటుంది. దాని మీద బ్రూక్లిన్ బ్యాండ్ టీవీ ఆన్ ద రేడియో పాట 'డీఎల్‌జెడ్' (DLZ) మోగుతుంది. అది వినేదాకా ఇండీలో కోపం కూడా ఉంటుందని నాకు తెలియదు. అందుకే చెబుతున్నా, ఒకే తరహా షోలు చూడకండి.

రెండోది, సీన్ పాటకు అతుక్కుపోతుంది, ఊడిరాదు. 'వింటర్' నాకు ఇప్పటికీ అంత్యక్రియల పాటే. రాడిన్ దాన్ని అందుకు రాయలేదని తెలుసు. అయినా వేరేగా వినలేకపోతున్నాను. దీనికి నాకు దొరికిన మందు ఒక్కటే, ఆల్బమ్ మొత్తం వినడం. మిగతా పాటల మధ్య కూర్చున్నాక ఆ పాట కాస్త సొంత ముఖం చూపిస్తుంది. 2014లో 'ట్రూ డిటెక్టివ్' టైటిల్స్‌లో వచ్చిన పాట అలాగే దొరికింది. పాడింది ది హ్యాండ్సమ్ ఫ్యామిలీ, ఇద్దరూ భార్యాభర్తలు. ఆ పాట అప్పటికే పదకొండేళ్ల పాతది, 2003 నాటి 'సింగింగ్ బోన్స్' లోనిది. టైటిల్స్ పాట కోసం వెళ్లి ఆ ఆల్బమ్ దగ్గరే నెల రోజులు ఉండిపోయాను.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాత షోలు మళ్లీ చూస్తే కొన్ని పాటలు ఉండవు. ప్రసారం నాటి అనుమతి డీవీడీకీ, ఓటీటీకీ వర్తించకపోతే పాట మార్చేస్తారు. 'డాసన్స్ క్రీక్' టైటిల్ పాటే చాలా ఏళ్లపాటు వేరేది వచ్చింది. నాకు బాగా ఇష్టమైన ఒక సీన్‌ను చెల్లికి చూపిద్దామని ఒక ఓటీటీ యాప్‌లో పెడితే, అక్కడ ఊరూ పేరూ లేని పియానో ముక్క ఒకటి వినిపించింది. మాటలు అవే, మొహాలు అవే, సీన్‌లో ప్రాణం లేదు. చెల్లికి ఏమీ తేడా తెలియలేదు, నాకే గొంతు పట్టేసింది.

వెతకడం ఇప్పుడు చాలా తేలిక. పాట విని పేరు చెప్పే షజామ్ యాప్ ఉంది, ఎపిసోడ్ వారీగా పాటలు రాసిపెట్టే ట్యూన్‌ఫైండ్ సైట్ ఉంది. డైలాగులు పాట మీద పడుతున్నప్పుడు షజామ్ ఒక్కోసారి తడబడుతుంది, మాటలు ఆగిన క్షణం కోసం కాచుకోవాలి. చివర్లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవ్వకుండా సెట్టింగ్‌లో ఆపేసుకోండి, ఇండీ పాట ఎక్కువగా ఆ క్రెడిట్స్ మీదే నడుస్తుంది. నేను ఇప్పటికీ నోట్‌బుక్ పక్కన పెట్టుకుంటాను. పాట పేరుతో పాటు సీన్ కూడా రెండు ముక్కల్లో రాస్తాను.

యాప్ ప్లేలిస్టుతో పోల్చి అడుగుతుంటారు. యాప్ నేను నిన్న విన్నదాన్ని చూసి అలాంటిదే ఇంకోటి ఇస్తుంది. సూపర్‌వైజర్‌కు నేనెవరో తెలియదు, ఆ పాత్ర గుండెలో ఏముందో మాత్రం తెలుసు. నాకు నచ్చవనుకున్న పాటలను నాకు నచ్చేలా చేసింది ఆ మనుషులే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది 'సిక్స్ ఫీట్ అండర్'. 2001 నుంచి 2005 వరకు ఐదు సీజన్లు, 63 ఎపిసోడ్‌లు. శవసంస్కారాలు చేసే ఒక కుటుంబం కథ. ఆఖరి ఎపిసోడ్ చివర సియా అనే గాయని పాట వస్తుంది. అప్పటికి ఆమె పేరు చాలామందికి తెలియదు. ఆ చివరి నిమిషాల క్లిప్ విడిగా దొరుకుతుంది. దయచేసి దాన్ని ముందు చూడకండి.