ఫైఫాక్స్ కొన్నేళ్లు వాడాక

మొబైల్‌తో సైన్స్ చదువు అనగానే చాలామందికి గుర్తొచ్చేవి వీడియో పాఠాలు, క్విజ్‌లు. చూడటానికైతే టీవీ కూడా సరిపోతుంది. ఫోన్‌తో మాత్రమే అయ్యే పని కొలవడం. ఫిజిక్స్ క్లాసులో కొన్నేళ్లుగా ఫైఫాక్స్ యాప్ వాడుతున్నది అందుకే. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని 2016లో విడుదల చేశారు. ఉచితం. ఫోన్‌లో ఉన్న సెన్సర్ల రీడింగులు తీసుకుని గ్రాఫ్ గీస్తుంది.

పిల్లల్ని బాగా తికమక పెట్టేది యాక్సిలరోమీటర్, అంటే త్వరణాన్ని కొలిచే సెన్సర్. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోన్ 9.8 మీ/సె² చూపిస్తుంది, అంటే గురుత్వ త్వరణం (జి) విలువ. అదే ఫోన్‌ని మెత్తటి దిండు మీదకు వదిలితే పడుతున్నంతసేపూ గ్రాఫ్ సున్నా దగ్గరే ఉంటుంది, దిండుకు తగలగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. "పడేటప్పుడే కదా సార్ గురుత్వం పనిచేసేది, మరి సున్నా ఏంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇక ఆ పీరియడ్ అంతా ఆ ప్రశ్నకే. సెన్సర్‌కు తెలిసేది బల్ల పైకి నెట్టే బలమే, గురుత్వం దానికి విడిగా తెలియదు అని వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటే ఆ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. యాప్‌లో 'జి లేకుండా' అని ఇంకో రీడింగ్ ఉంది. అది సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి ఇచ్చేది కాబట్టి మొదట్లో దాని జోలికి పోనివ్వను.

నాకు బాగా నచ్చింది ధ్వని స్టాప్‌వాచ్. రెండు ఫోన్లను 5 మీటర్ల దూరంలో పెట్టి, మొదటి ఫోన్ పక్కన ఒకరు చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి, రెండోదాని పక్కన ఇంకొకరు కొడితే రెండూ ఆగుతాయి. రెండు ఫోన్ల సమయాల్లో తేడా సుమారు 29 మిల్లీసెకన్లు వస్తుంది. శబ్దం రానూపోనూ 10 మీటర్లకు పట్టిన సమయం అది. భాగిస్తే సెకనుకు 340 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గడియారాలు కలపాల్సిన పనే లేదు. కాకపోతే క్లాసులో ఎవరు దగ్గినా స్టాప్‌వాచ్ మొదలైపోతుంది. శబ్దం ఎంత స్థాయి దాటితే మొదలవ్వాలో సెట్టింగ్‌లో పెంచుకోవాలి, అయినా కొంత టెన్షన్ తప్పదు.

ఇబ్బంది అంతా ఫోన్ల దగ్గరే. చవక ఫోన్లలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉండదు, కొన్నింట్లో ఫోన్ తిరిగే వేగాన్ని కొలిచే జైరోస్కోప్ కూడా ఉండదు. ఐఫోన్‌లో లైట్ సెన్సర్ ఉన్నా యాప్‌లకు అందదు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్‌లో భూమి క్షేత్రం 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య రావాలి. వందల్లో వస్తే ముందు ఫోన్ కవర్ తీసి చూడండి, ఫ్లాప్‌లో అయస్కాంతం ఉంటుంది. గదిలో జీపీఎస్‌ను నమ్మొద్దు.

అందుకే పిల్లలందరి చేతా యాప్ వేయించడం మానేశాను. బ్యాచ్‌కు ఒక మంచి ఫోన్ చాలు. రిమోట్ యాక్సెస్ ఆన్ చేస్తే, అదే వైఫైలో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో గ్రాఫ్ కనిపిస్తుంది. ఫోన్ లిఫ్ట్‌లో ఉన్నా వైఫై అందితే చాలు, ఒక్క అంతస్తు ఎక్కగానే బారోమీటర్ సుమారు 0.35 హెక్టోపాస్కల్ తగ్గడం క్లాసంతా చూడొచ్చు. డేటాను ఎక్సెల్‌లోకి తీసుకుని గ్రాఫ్ వాలు, సగటు పిల్లల చేతే కట్టిస్తాను. లోలకం ప్రయోగంలో మాత్రం పొడవు ఇస్తే జి విలువను యాప్ నేరుగా చెప్పేస్తుంది, ఆ ట్యాబ్ తెరవనివ్వను.