మా పాప బడి గ్రంథాలయం: ఏడాది అనుభవం

మూడో తరగతి చదువుతున్న మా పాప బడి గ్రంథాలయంలో పుస్తకాలను అట్టలు కనిపించేలా, పిల్లల చేతికందే ఎత్తులో పేర్చారు. ఇంకా కూడబలుక్కుని చదివే వయసులో బొమ్మే పుస్తకానికి పిలుపు కనుక ఈ అమరిక నాకు బాగా నచ్చింది. ఒకే కథల పుస్తకాన్ని వరుసగా నాలుగు వారాలు తెచ్చుకున్నా గ్రంథపాలకురాలు వారించలేదు. తెలిసిన వాక్యాలను మళ్లీ మళ్లీ చదవడం వల్లనే ధారాళత అలవడుతుందని ఆమెకు తెలుసు (నాకు మాత్రం మొదట విసుగే కలిగింది).

లోపం నిర్వహణలో ఉంది. పాఠశాల గ్రంథాలయాన్ని బోధనలో విడదీయరాని భాగంగా భావించే ప్రకటనను యునెస్కో 1999లోనే ఆమోదించగా, ఇక్కడ వారానికున్న ఒక్క పీరియడూ పరీక్షలు దగ్గరపడితే లెక్కలకు పోతుంది. పైగా చిరిగిన పుటకు జరిమానా వేయడంతో, భయపడిన పాప రెండు వారాలు పుస్తకమే తేలేదు.