పది తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి ఏ దారి మేలు? ట్రిపుల్ ఐటీనా, ఇంటరా, పాలిటెక్నికా?

మా అక్క కూతురు ఈసారి చీమకుర్తిలో పది పాసైంది, జిల్లా పరిషత్ హైస్కూల్లో. మార్కులు తెలిసిన రోజే అడిగింది: "మామా, నేను కంప్యూటర్ సైన్సే చదవాలి. ఎందులో చేరమంటావు?"

ముందు ఏళ్ల లెక్క చెప్పాను. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. పాలిటెక్నిక్ మూడేళ్లు, డిప్లొమా వాళ్ల ఎంట్రన్స్ ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు. ట్రిపుల్ ఐటీలో ఇంటర్‌కు బదులు పీయూసీ అని రెండేళ్లు, ఆపై బీటెక్ నాలుగేళ్లు. ఎటు తిరిగినా ఆరేళ్లే. బీటెక్ మొదలయ్యేలోపు పిల్ల ఏం నేర్చుకుంటుందన్నదే చూసుకోవాలి.

నేను ఇంటర్ చదివి వచ్చినవాణ్ణి. నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఎంపీసీ. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్సే. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా కంప్యూటర్ ముట్టుకోలేదు. బీటెక్ మొదటి ల్యాబ్‌లో ఐదు లైన్ల సీ ప్రోగ్రాం ఇచ్చారు. పక్క సీటు అమ్మాయి రన్ చేసేసి రికార్డు రాసుకుంటోంది. నేనింకా కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాను, సెమీకోలన్ ఎక్కడుందో కూడా కనపడలేదు. ఆ సెమిస్టరంతా టెన్షనే. అయితే ఇంటర్ లెక్కలు ఊరికే పోలేదు. ప్రాబబిలిటీ, మ్యాట్రిక్స్‌లు వచ్చినప్పుడు నాకు భయం వేయలేదు. పైగా ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే, నచ్చిన కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటే అడగొచ్చు.

పాలిటెక్నిక్‌లో దీనికి తలకిందులు. ఒంగోలు, నెల్లూరు రెండుచోట్లా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లున్నాయి. పదిహేడేళ్లకే సొంతంగా ప్రోగ్రాం రాయడం వస్తుంది. ఇంట్లో డబ్బు అవసరమైతే డిప్లొమాతోనే ఉద్యోగం చూసుకోవచ్చు. కానీ నేరుగా రెండో ఏడాదిలోకి వచ్చిన నా స్నేహితులు లెక్కల దగ్గర బాగా ఇబ్బంది పడ్డారు.

ఇక ట్రిపుల్ ఐటీ. ఈ ట్రిపుల్ ఐటీలను నడిపే యూనివర్సిటీ ఆర్జీయూకేటీని 2008లో పెట్టారు, ఒంగోలు క్యాంపస్ 2016లో వచ్చింది. ఎంట్రన్స్ లేదు, పది మార్కులతోనే సీటు. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. పీయూసీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు ఐటీ కూడా ఒక సబ్జెక్టు. ఇదే నాకు బాగా నచ్చింది: లెక్కలూ వదలవు, కంప్యూటరూ కొత్తగా ఉండదు. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లకు, ఇంగ్లీషులో పాఠం అర్థం కావడానికి రెండేళ్ల సమయం దొరుకుతుంది. నాకు ఆ రెండేళ్లు దొరకలేదు.

ఒక్క మాట మాత్రం అక్కకు గట్టిగా చెప్పాను. ట్రిపుల్ ఐటీలో సీటొస్తే సీఎస్ఈ వచ్చినట్టు కాదు. బ్రాంచి పీయూసీ మార్కులను బట్టి ఇస్తారు, సీఎస్ఈకి పోటీ ఎక్కువ. రెండేళ్లు కష్టపడి చివరికి సివిల్ వస్తే ఆ పిల్ల తట్టుకోవాలి. పదిహేనేళ్లకే ఇల్లు వదిలి ఉండటమూ చిన్న విషయం కాదు. హోమ్ సిక్‌తో మొదటి నెలలోనే పెట్టె సర్దుకొచ్చిన పిల్లలను చూశాను.

అయినా మా పిల్లకు ట్రిపుల్ ఐటీకే నా ఓటు. సీటు రాకపోతే ఇంటర్, అదీ ఇంటి నుంచి ఒంగోలుకు బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో. ఆదివారం ఒక గంట కంప్యూటర్ ముందు కూర్చునే తీరిక ఉండాలి కదా.

నిన్న సాయంత్రం అప్లికేషన్ పెట్టేసి వచ్చాం. రాత్రి నా పాత ల్యాప్‌టాప్ తీసి ముందు పెట్టి, సెమీకోలన్ 'ఎల్' పక్కనే ఉంటుందని చూపించాను.