పది సిమ్‌ల కాలం, మూడు సిమ్‌ల కాలం

2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అనగానే మిగతా కంపెనీలూ దిగొచ్చాయి. కిరాణా కొట్టు ముందు గొడుగు వేసుకుని సిమ్‌లు అమ్మేవాళ్లు. చవకే, కాకపోతే సిగ్నల్ కోసం మేడెక్కాలి.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక లెక్క మారింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే ఏడాది వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. నెట్ పల్లెలకు చేరింది, కాదనలేం. కానీ 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒక్కరోజు తేడాలో రేట్లు పెంచేశాయి; జియో 239 ప్లాను 299 అయింది. అలిగి పోదామంటే మిగిలింది బీఎస్‌ఎన్‌ఎల్ ఒక్కటే. నాకైతే మేడెక్కిన రోజులే నయం, బేరమైనా ఉండేది. విచిత్రమేంటంటే, 2025లో ప్రభుత్వానికి రావాల్సిన బకాయిలను షేర్లుగా మార్చుకున్నాక వొడాఫోన్ ఐడియాలో దాదాపు సగం వాటా కేంద్రానిదే.