బయట పనికి రగ్గడ్ ఫోన్ కొంటున్నారా? ముందు ఛార్జింగ్ పిన్ను రబ్బరు మూత తీసి చూడండి

నాది సర్వే పని. తెల్లారేసరికి సైటులో ఉంటాం, ఎండ దిగాక ఇంటికి వస్తాం. డ్రాయింగ్ ఫోన్లోనే తెరుస్తాను, ఫోటోలు ఫోన్లోనే తీస్తాను, కొలతలు రాసేదీ, సాయంత్రం ఆఫీసుకి పంపేదీ ఫోన్లోనే. ఫోన్ ఆగిపోతే నాతో పాటు ఇంకో నలుగురి పని ఆగిపోతుంది. అందుకే ఆరేళ్లలో మూడు ఫోన్లు మార్చాక నాకు తెలిసింది కాస్త వివరంగా రాస్తున్నాను, ఎండలో, దుమ్ములో, వానలో పని చేసే ఎవరికైనా పనికొస్తుందని.

రగ్గడ్ ఫోన్, అంటే దెబ్బలు, దుమ్ము, నీళ్లు తట్టుకునేలా చేసిన గట్టి ఫోన్ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "కింద పడితే పగలదా?" అని. నేనూ అదే అడిగాను. కానీ ఈ ఆరేళ్లలో నా ఫోన్ ఏదీ కింద పడి చావలేదు. ఒకదాన్ని ఇసుక తినేసింది, రెండోదాన్ని ఛార్జింగ్ పిన్ ముంచేసింది. పడటం ఏ నెలకో ఒకసారి జరుగుతుంది, దుమ్ము, చెమట, వేడి మాత్రం రోజూ ఉంటాయి. ఫోన్ కొనేటప్పుడు ఈ రోజూ ఉండేవాటినే ముందు చూడాలని నా గట్టి అభిప్రాయం.

మొదటిది మామూలు ఫోన్, దానికి మందపాటి పౌచ్, పైన స్క్రీన్ గార్డు వేశాను. పౌచ్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. నాలుగు నెలల తర్వాత ఒకరోజు తుడుద్దామని పౌచ్ తీస్తే లోపల అంచు పొడుగునా సన్నటి ఇసుక చారలా పేరుకుని ఉంది, ఆ ఇసుక రాసుకుని రాసుకుని వెనక గాజంతా గరుకు కాగితం రుద్దినట్టు మసకబారింది, కెమెరా అద్దం మీద కూడా గీతలు పడ్డాయి. తర్వాత చదివితే కారణం అర్థమైంది. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్ అనే ఖనిజం, 1 నుంచి 10 వరకు ఉండే మోహ్స్ గట్టిదనం కొలతలో దానిది 7. చాలా ఫోన్ల గాజు మీద 6 దగ్గరే గీతలు మొదలవుతాయి. అంటే ఎంత పేరున్న గాజైనా ఇసుక ముందు ఓడిపోవాల్సిందే. పౌచ్ దెబ్బ నుంచి కాపాడుతుంది కానీ ఇసుకని లోపలే పట్టి ఉంచుతుంది. దుమ్ములో పని చేసేవాళ్లు పౌచ్ వాడక తప్పకపోతే వారానికి రెండుసార్లైనా తీసి కడగండి.

రెండోది పెద్ద బ్యాటరీ రగ్గడ్ ఫోన్. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ ఇబ్బంది ఏదో ఒక కంపెనీకే పరిమితం కాదు. డబ్బా మీద ఐపీ68, ఐపీ69కే, మిల్-ఎస్‌టీడీ-810హెచ్, అన్నీ వరసగా రాసి ఉన్నాయి, వాటి అర్థం కింద చెబుతాను. చేతిలో పట్టుకుంటే ఇటుకలా ఉంది, నాకు భలే నచ్చింది. మొదటి ఆరు నెలలు ఏ ఫిర్యాదూ లేదు. ఛార్జింగ్ పెట్టే చోట రబ్బరు మూత ఉంటుంది కదా, దాన్ని రోజుకి రెండుసార్లు గోరుతో లాగి తీయడం, మళ్లీ నొక్కడం. ఎనిమిదో నెలకల్లా ఆ మూతని పట్టుకుని ఉండే సన్నటి రబ్బరు తోక సగం తెగి, మూత పక్కకి వేలాడటం మొదలైంది. నొక్కినా పూర్తిగా కూర్చునేది కాదు. ఇక లోపలికి దుమ్ము పోయింది, దాని మీద చెమట, వాన తడి. ఛార్జర్ పెడితే ఒక కోణంలో పట్టుకుంటేనే ఎక్కేది, వదిలితే ఆగేది. ఒక సాయంత్రం ఇంకా పదకొండు పాయింట్లు కొలవాల్సి ఉండగా నాలుగు శాతం దగ్గర ఫోన్ ఆగిపోయింది. అన్ని రేటింగులు ఉన్న ఫోన్, ఒక్క గీత కూడా పడని స్క్రీన్, బ్యాటరీలో మాత్రం ప్రాణం లేదు. సర్వీసు సెంటర్లో ఆ మూత విడిగా దొరకదన్నారు, పిన్ మార్చాలంటే ఫోన్ మొత్తం విప్పాలన్నారు. విప్పితే లోపలి సీలు పోతుంది, మళ్లీ అంతే గట్టిగా అతికించకపోతే వాటర్‌ప్రూఫ్ అన్న మాటకి అర్థం ఉండదు.

అప్పటినుంచి ఎవరు ఫోన్ చూపించినా నేను ముందు చూసేది ఆ మూతనే. పది సార్లు తీసి పెట్టండి. తోక ఎంత సన్నగా ఉంది, గ్లౌజు వేసుకున్న వేలితో తీయగలరా, మూసినప్పుడు టక్కుమని కూర్చుంటుందా, తెగితే విడిగా దొరుకుతుందా అని అడగండి. ఇంకో విషయం, తడిగా ఉన్న పిన్నులో ఛార్జర్ అసలు పెట్టకండి. కరెంటు పారుతూ ఉంటే తడిలో పిన్నుల లోహం తొందరగా తినేసుకుపోతుంది. ఉప్పు నీరైతే, చెమటైతే ఇంకా వేగంగా. కొన్ని ఫోన్లు తడి ఉందని హెచ్చరిక చూపించి ఛార్జింగ్ ఆపేస్తాయి. అది చూసి విసుక్కోకండి, ఫోన్‌ని కాపాడేది అదే. కేబుల్‌తో పని లేకుండా వైర్‌లెస్ ఛార్జింగో, బయట ఉండే లోహపు చుక్కలకి (పోగో పిన్నులు) ఆనించి ఛార్జ్ చేసే డాకో ఉంటే ఈ బెడద సగం తీరుతుంది.

ఇక డబ్బా మీది రాతల సంగతి. ఐపీ అనేది ఫోన్ దుమ్ముని, నీళ్లని ఎంత ఆపుతుందో చెప్పే రేటింగు. ఐపీ68లో మొదటి అంకె 6 అంటే దుమ్ము అస్సలు లోపలికి పోదని. రెండో అంకె 8 అంటే మీటరు కన్నా ఎక్కువ లోతు నీళ్లలో తట్టుకుంటుందని, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారుచేసిన కంపెనీయే నిర్ణయిస్తుంది. అందుకే ఒక ఐపీ68 ఫోన్ మీటరున్నర లోతులో అరగంట అంటుంది, ఇంకోటి ఇంకెంతో అంటుంది. ఐఫోన్ 12 నుంచి వచ్చిన చాలా మామూలు ఐఫోన్లకే 6 మీటర్ల లోతులో 30 నిమిషాలని రాసి ఉంటుంది. కాబట్టి ఐపీ68 ఒక్కటే చూసి రగ్గడ్ అనుకోవద్దు. పైగా ఈ పరీక్షలు కొత్త ఫోన్ మీద, మంచినీళ్లతో చేసేవి. రెండేళ్లు ఎండలో కాలిన రబ్బరు అదే పని చేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఐపీ69కే అంటే దగ్గర నుంచి 80 డిగ్రీల వేడి నీళ్లు గట్టి ఒత్తిడితో కొట్టి చూసే పరీక్ష. బురద పట్టిన ఫోన్‌ని పైపు కింద పెట్టి కడుక్కునేవాళ్లకి ఇది నిజంగా పనికొస్తుంది. నీళ్లలో మునగడం వేరు, నీళ్ల ధార తట్టుకోవడం వేరు, ఒకటి పాసైతే రెండోది పాసైనట్టు కాదు, అందుకే రెండూ విడివిడిగా రాస్తారు.

మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా సైన్యం పరికరాల పరీక్షల పుస్తకం. హెచ్ అనేది 2019లో వచ్చిన రూపం, అంతకు ముందు 2008 నాటి జీ రూపం ఉండేది. అందులో ఎండ, చలి, కంపనం, ఉప్పు పొగమంచు, దుమ్ము, పడటం ఇలా చాలా పరీక్షలున్నాయి. ఫోన్ కంపెనీ అన్నీ చేయాలని లేదు, ఎంచుకున్నవి కొన్ని చేసి పేరు రాసుకోవచ్చు, సైన్యం వచ్చి ముద్ర వేయదు. పడేసే పరీక్షలో నాలుగు అడుగుల ఎత్తు నుంచి, అంటే సుమారు 1.22 మీటర్ల నుంచి 26 సార్లు వదులుతారు. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు, మొత్తం ఇరవై ఆరు. ఆ 26ని ఒకే ఫోన్ మీద కాకుండా ఐదు ఫోన్ల వరకు పంచుకోవచ్చన్న సంగతి, జీ రూపంలో ఫోన్ పడేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద అన్న సంగతి తెలిశాక నేను ఆ రాతకి ఇచ్చే విలువ తగ్గింది. మన సైట్లో ఉండేది కంకర. మొనదేలిన రాయి సరిగ్గా స్క్రీన్ మధ్యలో తగిలితే ఏ పరీక్షా అడ్డుపడదు. కాబట్టి స్క్రీన్ చుట్టూ అంచు కొంచెం పైకి లేచి ఉందా, ఫోన్ బోర్లా పెడితే గాజు నేలకి తగలకుండా ఉందా అన్నది కళ్లతో చూసుకోండి.

ఇప్పుడు నా చేతిలో ఉన్న మూడోది శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌కవర్6 ప్రో. 2022లో వచ్చిన మోడల్, 6.6 అంగుళాల స్క్రీన్, 235 గ్రాముల బరువు. నేను దీన్ని తీసుకోవడానికి మొదటి కారణం బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చు, అయినా ఐపీ68 ఉంది. బ్యాటరీ 4050 ఎంఏహెచ్, ఈ రోజుల్లో చిన్నదే. పెద్ద బ్యాటరీయే కావాలంటే ఊకిటెల్ డబ్ల్యూపీ19 లాంటివి 21000 ఎంఏహెచ్‌తో వచ్చాయి, కానీ అది అర కిలోకి పైన బరువు తూగుతుంది. రోజంతా ప్యాంటు జేబులో అంత బరువు, మెట్లెక్కేటప్పుడు తొడకి కొట్టుకుంటూ ఉంటే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. దగ్గర్లో కరెంటు లేకుండా మూడు నాలుగు రోజులు ఉండేవాళ్లకి అది సరైనదే. సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లకి జేబులో ఒక అదనపు బ్యాటరీ చాలు. ఫోన్ ఆఫ్ చేసి, వెనక మూత తీసి, బ్యాటరీ మార్చి, మళ్లీ ఆన్ చేయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ పాత ఫోన్‌తో పడిన టెన్షన్ ఇప్పుడు లేదు. రెండేళ్ల తర్వాత బ్యాటరీ బలహీనపడినా, ఉబ్బినా ఫోన్ మొత్తం పారేయక్కర్లేదు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఊడే మూత ఉన్న ఫోన్‌లో నీళ్లు ఆపేది ఆ మూత లోపల చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు గీతే. మూత పెట్టేముందు నేను ఆ గీతని మెత్తటి గుడ్డతో ఒక చుట్టు తుడుస్తాను, ఒక్క ఇసుక రేణువు అక్కడ కూర్చున్నా చాలు, నీళ్లకి దారి దొరుకుతుంది. తర్వాత బొటనవేలితో మూల నుంచి మూలకి నొక్కుకుంటూ రావాలి, ఎక్కడైనా టిక్కుమనకపోతే అక్కడ కూర్చోలేదన్నమాట. బ్యాటరీ మార్చే పని కూడా దుమ్ము లేచే చోట కాకుండా బండి లోపలో, గదిలోనో చేసుకోవాలి. ఛార్జింగ్ పిన్నుకి దీనిలో రబ్బరు మూత లేదు, లోపలే సీలు చేసి ఉంటుంది, నా కథ చదివాక నాకది ఎంత సంతోషమో మీకే తెలుస్తుంది. పోగో పిన్నులు కూడా ఉన్నాయి.

గ్లౌజులు, వాన గురించి చెప్పాలి. వానలో తడిసిన స్క్రీన్ మీద చినుకు కూడా వేలిలాగే అనిపిస్తుంది ఫోన్‌కి. 3 అని నొక్కితే 6 పడుతుంది, గమనించకుండా సేవ్ చేస్తే రేపు లెక్కంతా తప్పుతుంది. మా టీమ్‌లో ఇలా ఒక కొలత తప్పుపడి మళ్లీ వెళ్లి కొలిచాం. గ్లౌజ్ మోడ్ ఆన్ చేస్తే స్క్రీన్ స్పర్శని ఎక్కువగా పట్టుకుంటుంది, పొడిగా ఉన్నప్పుడు మందపాటి గ్లౌజుతో బాగానే పని చేస్తుంది, తడిలో మాత్రం ఏ ఫోన్ అయినా తడబడుతుంది. అందుకే పక్కన నిజమైన బటన్లు ఉండాలి, వాటికి మనకి కావలసిన పని అప్పగించుకునే వీలుండాలి. నేను ఒకదానికి కెమెరా, ఇంకోదానికి టార్చి పెట్టుకున్నాను. వాకీటాకీలా నొక్కి మాట్లాడే యాప్‌కి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఎండలో స్క్రీన్ కనబడటం గురించి షాపులో ఏమీ తెలియదు. వీలైతే ఫోన్‌ని బయటికి తెచ్చి, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఏదైనా సన్న గీతల డ్రాయింగ్ తెరిచి చూడండి. పది నిమిషాలు ఎండలో అలాగే ఉంచి మళ్లీ చూడండి. ఎందుకంటే ఫోన్ వేడెక్కితే తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది, సరిగ్గా మనకి ఎక్కువ వెలుతురు కావలసినప్పుడే. ఛార్జింగ్ కూడా ఎండలో పెట్టొద్దు, లిథియం బ్యాటరీ ఆయుష్షు తీసేది వేడే. గడ్డకట్టే చలిలో పని చేసేవాళ్లకి దీనికి ఎదురు సమస్య, సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెడితే బ్యాటరీ లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు ఫోన్‌ని లోపలి జేబులో పెట్టి వెచ్చబడనివ్వాలి.

జీపీఎస్ మీద అతిగా ఆశలు పెట్టుకోకండి. ఆకాశం బాగా కనబడే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ సుమారు 4.9 మీటర్ల లోపు చూపిస్తుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సైటే చెబుతుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా తప్పుతుంది. ఉపగ్రహాలు పంపే ఎల్1 సిగ్నల్‌తో పాటు ఎల్5 అనే రెండో సిగ్నల్ కూడా పట్టే ఫోన్ అయితే కొంత మెరుగు. దారి వెతుక్కోవడానికి, ఫోటోకి స్థలం గుర్తు పెట్టుకోవడానికి ఇది సరిపోతుంది, హద్దు రాయి పాతడానికి మాత్రం పనికిరాదు.

థర్మల్ కెమెరా, అంటే వేడిని బొమ్మలా చూపించే కెమెరా ఉన్న ఫోన్లు చూస్తే చాలామందికి మనసు లాగుతుంది. 2016లో వచ్చిన క్యాట్ ఎస్60 ఫోన్లో మొదటిసారి అది లోపలే పెట్టారు. కరెంటు పని, ఏసీ పని చేసేవాళ్లకి వేడెక్కిన తీగ వెంటనే కనబడుతుంది, అద్భుతమైన సాధనం. అయితే ఆ క్యాట్ ఫోన్లు చేసిన బుల్లిట్ గ్రూప్ 2024 మొదట్లో మూతపడింది. ఫోన్ గట్టిగానే ఉంటుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరిస్తారు, విడిభాగాలు ఎవరిస్తారు? గట్టి ఫోన్‌ని మనం నాలుగైదేళ్లు వాడాలనే కొంటాం, అన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో లేదో చూడండి. ఎక్స్‌కవర్6 ప్రోకి ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లని చెప్పారు, నేను దీన్ని ఎంచుకోవడానికి రెండో కారణం అదే. ఆఫీసు మెయిళ్లు, క్లయింట్ డ్రాయింగులు అందులో ఉంటాయి మరి.

పెట్రోలు, గ్యాసు ఉన్న చోట్ల, గనుల్లో పని చేసేవాళ్లకి ఒక మాట, దయచేసి పట్టించుకోండి. రగ్గడ్ ఫోన్ అంటే పేలుడు ప్రమాదం ఉన్న చోట వాడొచ్చని కాదు. దానికి ఏటెక్స్, ఐఈసీఈఎక్స్ అనే వేరే ధ్రువీకరణలున్న ఫోన్లు ఉంటాయి. మీ సేఫ్టీ ఆఫీసర్‌ని అడగకుండా మామూలు రగ్గడ్ ఫోన్ లోపలికి తీసుకెళ్లొద్దు.

ఇప్పుడే ఇదే ఫోన్ కొనమంటానా అంటే, ఇది పాతబడుతోంది, దీని తర్వాత బ్యాటరీ ఊడే పద్ధతిలోనే ఎక్స్‌కవర్7, ఎక్స్‌కవర్7 ప్రో వచ్చాయి, ముందు వాటిని చూడండి. ఏది కొన్నా అదనపు బ్యాటరీ అదే రోజు, అదే బిల్లులో తీసుకోండి. రెండేళ్ల తర్వాత వెతికితే ఒరిజినల్ బ్యాటరీ దొరకడం కష్టమవుతుంది. నా రెండో బ్యాటరీ చిన్న జిప్ కవర్లో, దాని లోహపు చుక్కలకి తాళాలు తగలకుండా చొక్కా జేబులో ఉంటుంది.